జేబులో పెట్టింది జేబులో ఉండదు
రోలర్ కోస్టర్ ఎక్కేవాళ్ల సామాన్ల గురించి అపోహలు – వాస్తవాలు

పోయిన వేసవిలో మా అక్కావాళ్లతో కలిసి ఒక పార్కుకి వెళ్లాం. రోలర్ కోస్టర్ సీట్లో కూర్చున్నాక మా మేనల్లుడు ప్యాంటు జేబు మీద రెండుసార్లు తట్టి చూసుకున్నాడు. ఫోను ఉంది. భుజాల మీదికి బార్ దిగింది, ఆపరేటర్ వచ్చి లాగి చూశాడు, బండి కదిలింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చారు. అందరూ నవ్వుతున్నారు, వాడు తప్ప. చెయ్యి మళ్లీ అదే జేబు మీద ఉంది. జేబు ఖాళీ.

సాయంత్రం పార్కు మూసేశాక సిబ్బంది వెతికితే ఫోను గడ్డిలో దొరికింది, అద్దం పగిలిపోయి. అద్దం పోతే పోయింది. అది దొరికిన చోటు చూశాక మాత్రం నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పక్కనే క్యూ లైను రెయిలింగ్. రెండు గజాల దూరం కూడా లేదు. మధ్యాహ్నమంతా ఆ రెయిలింగ్ పట్టుకుని చిన్నపిల్లలు నిలబడి ఉన్నారు.

అప్పటినుంచి ఈ సంగతి ఎవరితో మాట్లాడినా అవే మాటలు వింటున్నాను. ఏం కాదులే అనే ధీమా. ఆ మాటల్లో నిజమెంతో ఒక్కొక్కటీ చూద్దాం.

అపోహ: బిగుతు జీన్స్ జేబులో పెడితే పడదు.

ఆర్టీసీ బస్సులో వెనక సీటు ఎక్కినవాళ్లకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు. స్పీడ్ బ్రేకర్ దాటగానే సీటు కిందికి పోతుంది, మనం ఒక్క క్షణం గాల్లో ఉంటాం. రోలర్ కోస్టర్‌లో ఆ క్షణం కోసమే గుట్టల్ని కడతారు. గుట్ట పైనుంచి బండి ఎంత చురుగ్గా కిందికి దూకుతుందంటే, మన ఒళ్లు దానితో సమానంగా పడలేదు. మనల్ని ఆపి ఉంచేది బార్ ఒక్కటే. జేబులో ఫోనుకి బార్ లేదు.

పైగా నిలబడినప్పుడు బిగుతుగా ఉన్న జేబు కూర్చుంటే అలా ఉండదు. తొడ అడ్డంగా వాలుతుంది, జేబు మూతి పక్కకి తిరుగుతుంది. మొదటి గుట్ట దగ్గర ఫోను అంగుళం జరుగుతుంది, రెండోదానికి ఇంకో అంగుళం. ఒళ్లు అదిరిపోతుంటే ఆ జరగడం మనకి తెలియదు కూడా. జిప్పు ఉన్న జేబైతే వేరే మాట. జిప్పు లేనిది ఏదైనా నా దృష్టిలో జేబు కాదు, ఒట్టి సంచీ.

అపోహ: తలకిందులయ్యే చోటే వస్తువులు పడతాయి. లూప్ లేని రైడ్‌లో భయం లేదు.

చిన్నప్పుడు చెంబులో నీళ్లు పోసి చెయ్యి గిరగిరా తిప్పే ఉంటారు. చెంబు తలకిందులైనా చుక్క రాలదు. సరిగ్గా కట్టిన లూప్‌లో జరిగేదీ అదే. వేగం మనల్ని సీటుకేసి అదుముతుంది. అందుకే లూప్‌ని నిండు సున్నాలా కాక కన్నీటి చుక్క ఆకారంలో కడతారు, పైన వంపు బిగువుగా, కింద విశాలంగా. వస్తువులు ఎక్కువగా జారేది గుట్టల మీద, నెమ్మదిగా మెలితిరిగే చోట్ల.

హైదరాబాద్ శివార్లలో రావిర్యాల దగ్గరి వండర్లాలో ఉన్న రీకాయిల్‌నే తీసుకోండి. అది బూమరాంగ్ తరహా కోస్టర్. మొదట బండిని వెనక్కి లాగుతూ పైకి తీసుకెళ్తుంది. అంటే మన మొహం నేల వైపు, ఒళ్లంతా బార్ మీద వేలాడుతూ ఉంటుంది. ఇంకా లూప్ రానేలేదు, వేగమూ లేదు. షర్టు పై జేబులో పెన్నో కళ్లజోడో ఉంటే జారిపోవడానికి అదే చాలు. తర్వాత బండి మూడుసార్లు తలకిందులై, అవతలి గట్టెక్కి, వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. ముందుకి వెళ్లేటప్పుడు నిలిచిన వస్తువు వెనక్కి వచ్చేటప్పుడు నిలుస్తుందని చెప్పలేం.

అపోహ: పోతే నా ఫోనే కదా పోయేది. నా ఇష్టం.

అన్నిటికంటే నన్ను బాధపెట్టే మాట ఇది.

బండిలోంచి జారిన వస్తువు రాయిలా నిటారుగా కింద పడదు. జారే క్షణంలో బండికి ఎంత వేగం ఉందో దానికీ అంతే వేగం ఉంటుంది. బండి మలుపు తిరుగుతుంది, వస్తువు తిరగదు. తిన్నగా పోతుంది. 200 గ్రాముల ఫోను గంటకి 100 కిలోమీటర్ల వేగంతో వచ్చి తగిలితే, ఆ దెబ్బలో ఉండే శక్తి గంటకి సుమారు 110 కిలోమీటర్ల వేగంతో వేసిన క్రికెట్ బంతికి సమానం. బంతిని ఎదుర్కొనే బ్యాట్స్‌మన్‌కి హెల్మెట్ ఉంటుంది, బంతి వస్తోందని తెలుస్తుంది. క్యూలో నిలబడి ఐస్‌క్రీం తింటున్న పిల్లకి రెండూ లేవు. బంతికి లేని అంచులు ఫోనుకి ఉన్నాయి.

అమెరికాలో ఓర్లాండోలోని ఐలాండ్స్ ఆఫ్ అడ్వెంచర్ పార్కులో 1999లో డ్యూయలింగ్ డ్రాగన్స్ అని జంట కోస్టర్ మొదలైంది. తర్వాత దాన్ని డ్రాగన్ ఛాలెంజ్ అన్నారు. రెండు బండ్లు, ఒకటి నిప్పు డ్రాగన్, ఒకటి మంచు డ్రాగన్, ఎదురెదురుగా దూసుకొచ్చి అడుగున్నర దూరంలో తప్పించుకుపోవడం దాని ప్రత్యేకత. ఎదురెదురు బండ్లంటే రెండు వేగాలూ కలుస్తాయి. ఒక బండిలోంచి చిన్న నాణెం జారినా అవతలి బండిలో ఉన్నవాళ్లకి అది తూటా లెక్క. 2011 వేసవిలో ఆ రైడ్‌లో ఏదో వస్తువు వచ్చి తగిలి ప్రయాణికులు గాయపడ్డారు. ఒకాయన ఒక కంటి చూపు కోల్పోయారు. ఆ అక్టోబర్‌లో పార్కు రెండు బండ్లనూ ఒకేసారి వదలడం పూర్తిగా ఆపేసింది. దేనికోసం ఆ రైడ్ కట్టారో అదే లేకుండా పోయింది. 2017లో దాన్ని మూసేశారు.

ఇప్పుడు అదే ఓర్లాండోలో హల్క్, వెలోసీకోస్టర్ లాంటివి ఎక్కాలంటే మెటల్ డిటెక్టర్ దాటాలి. మనవాళ్లు అక్కడికి వెళ్లొచ్చి "ఎయిర్‌పోర్ట్ లాగా తనిఖీ ఏమిటండీ" అని విసుక్కుంటుంటారు. ఆ తనిఖీ వెనక ఒక మనిషి కన్ను ఉంది.

స్పెయిన్‌లో పోర్ట్ అవెంచురా పార్కులోని షంభాలా కోస్టర్ మీద ఒక ప్రయాణికుడు ముందు వరుసలో ఎవరిదో ఎగిరొచ్చిన ఫోన్‌ని గాల్లోనే ఒడిసిపట్టిన వీడియో 2019లో లోకమంతా చూసింది. చప్పట్లు కొట్టాం. అతని చెయ్యి రెండంగుళాలు పక్కన ఉండి ఉంటే ఆ ఫోను తగిలేది మొహానికే.

అపోహ: చేత్తో గట్టిగా పట్టుకుని వీడియో తీస్తా, పడనివ్వను.

బండి దూకినప్పుడు చెయ్యి మన మాట వినదు. బెదిరిన చెయ్యి దొరికిందల్లా పట్టుకోబోతుంది, ఆ పట్టుకోబోవడంలో ఉన్నది వదిలేస్తుంది. 2015 జూన్‌లో కాలిఫోర్నియా డిస్నీ పార్కులో ఒకరు నడుస్తున్న రోలర్ కోస్టర్‌లో సెల్ఫీ స్టిక్ బయటికి తీస్తే రైడ్‌ని గంటసేపు ఆపాల్సి వచ్చింది. ఆ నెల తిరక్కముందే డిస్నీ తన పార్కుల్లో సెల్ఫీ స్టిక్‌లని నిషేధించింది.

అపోహ: ఫోను జేబులోంచి పడకపోతే ఇక గొడవే లేదు.

2022లో ఐఫోన్ 14 వచ్చింది. కారు గుద్దుకుంటే తనంతట తానే ఎమర్జెన్సీ నంబరుకి కాల్ చేసే ఏర్పాటు అందులో ఉంది. ఒహాయోలో కింగ్స్ ఐలాండ్ పార్కుకి వచ్చినవాళ్ల జేబుల్లో ఉన్న ఫోన్లు రోలర్ కోస్టర్ కుదుపుల్ని కారు ప్రమాదం అనుకుని పోలీసులకి కాల్ చేశాయి. అవతల ఆపరేటర్‌కి వినిపించేది అరుపులు. ప్రమాదమో ఆనందమో ఆవిడకి ఎలా తెలుస్తుంది? తర్వాత యాపిల్ సాఫ్ట్‌వేర్‌ని సవరించింది.

అపోహ: చున్నీ నడుముకి కట్టేసుకుంటే చాలు. చెప్పులు, కళ్లజోడు, గొలుసు వాటంతట అవే ఉంటాయి.

చున్నీ విషయంలో మొహమాటం వద్దు. తీసి కింద ఇచ్చేయండి. నడుముకి కట్టిన ముడి గాలికి వదులవుతుంది, వదులైన కొస చక్రాల్ని వెతుక్కుంటుంది. జుట్టు కూడా అంతే, ముడేసి బిగించాలి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ గుర్రంగూడలో గో-కార్టింగ్ చేస్తూ జుట్టు చక్రంలో చిక్కుకుని ఇంజినీరింగ్ చదివే అమ్మాయి ప్రాణం పోయింది. ఆ బండి ఎత్తుకి లేచేది కాదు, తలకిందులయ్యేది కాదు, నేల మీద నడిచేదే.

మంగళసూత్రం తియ్యమంటే చాలామంది ఆడవాళ్లకి మనసొప్పదు. నేను తియ్యమని చెప్పను. పొడవాటి గొలుసు కుదుపుకి ఎగిరి మొహానికి తగలకుండా, బార్ కింద నలగకుండా దుస్తుల లోపలికి వేసుకుని పిన్నీసు పెట్టుకోవాలి. పైన మెడ దాకా మూసుకునే టాప్ అయితే ఇంకా మంచిది. మిగతా నగలు మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్లాలి.

కళ్లజోడుకి తల వెనక బిగించే తాడు దొరుకుతుంది, కొన్ని రైడ్లు దానితో అనుమతిస్తాయి. వినికిడి మిషను పెట్టుకునే పెద్దవాళ్లు ఎక్కేముందే ఆపరేటర్‌ని అడగాలి. మహారాష్ట్రలో ఖోపోలీ దగ్గర ఇమాజికాలో నైట్రో అని నేల లేని కోస్టర్ ఉంది. కాళ్లు గాల్లో వేలాడతాయి. అలాంటి చోట వేలికి తగిలించుకునే చెప్పులు నిలవవు. గుడి బయట విప్పినట్టే ప్లాట్‌ఫాం మీద విప్పి ఎక్కాలి.

అపోహ: లాకర్ డబ్బులు దండగ. ప్లాట్‌ఫాం మీద పెడితే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు.

ఈ రెండో భయంలో కొంత నిజముంది. అందరి చేతులూ పడే అరలో ఫోను వదిలి బండెక్కడం ఎవరికైనా కష్టమే. వెలోసీకోస్టర్ కట్టినవాళ్లు దీన్ని చక్కగా పరిష్కరించారు. లాకర్‌కి రెండు వైపులా తలుపులు. ఎక్కే ముందు ఇటు పెట్టి వెళ్తాం, దిగాక అటునుంచి తీసుకుంటాం. అద్దె లేదు. ఆ ఏర్పాటు మన పార్కులకీ వస్తే బాగుండు. వచ్చేదాకా, ఫోను వెల పక్కన లాకర్ అద్దె లెక్కలోకి రాదు.

ఇక మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్న లాకర్ ఇంకొకటుంది. గుంపులో ఒకరు కింద ఆగి అందరి సామాన్లూ చూసుకోవడం. మంచి పద్ధతే. కాకపోతే రోజంతా ఆ ఒక్కరే ఎందుకు ఆగాలి? నేను చూసినంతవరకు బెంచీ మీద బ్యాగులు పట్టుకుని కూర్చునేది ప్రతిసారీ అమ్మో, పిన్నో, పెద్దమ్మో. వాళ్లకీ టికెట్ కొన్నాం కదా. వంతులు వేసుకోవాలి.

అపోహ: అదిగో, కంచె అవతల కనిపిస్తోంది. ఒక్క నిమిషంలో దూకి తెచ్చేస్తా.

ఈ ఒక్కటి మీ పిల్లలకి చదివి వినిపించండి.

2008లో జార్జియాలోని సిక్స్ ఫ్లాగ్స్ పార్కులో 17 ఏళ్ల కుర్రాడు కంచెలు దాటి లోపలికి వెళ్లి బ్యాట్‌మన్ రైడ్ తగిలి చనిపోయాడు. ఎగిరిపోయిన టోపీ కోసమని అప్పట్లో వార్తలు వచ్చాయి. 2015 ఆగస్టులో ఒహాయోలోని సీడర్ పాయింట్‌లో ఒకాయన రైడ్‌లో పోయిన వస్తువు కోసం ర్యాప్టర్ కిందికి వెళ్లి ప్రాణం పోగొట్టుకున్నారు. 2024 జూన్‌లో కింగ్స్ ఐలాండ్‌లో బాన్షీ రైడ్‌లో పడిపోయిన తాళాల కోసం వెళ్లిన మరొకరి కథా అలాగే ముగిసింది. కింగ్స్ ఐలాండ్ ఉన్న మేసన్ ఊళ్లో, చుట్టుపక్కల సిన్సినాటిలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. సీజన్ పాసులు తీసుకుని పిల్లల్ని తీసుకెళ్లే పార్కు అది.

ఈ మూడు రైడ్లకీ ఒక పోలిక ఉంది. మూడింట్లోనూ పట్టాలు నెత్తి మీద ఉంటాయి, సీట్లు వాటికి వేలాడతాయి, ప్రయాణికుల కాళ్లు అన్నిటికన్నా కింద ఉంటాయి. నేల మీద చూస్తే పట్టా కనిపించదు. ఒట్టి పచ్చగడ్డి. రైలు పట్టాలు దాటేటప్పుడు ఎవరైనా అటూ ఇటూ చూస్తారు, ఖాళీ గడ్డి చూస్తే ఎందుకు చూస్తారు? పై పట్టా ఎత్తుగా ఉంది కదా అనిపిస్తుంది, వేలాడే కాళ్లు ఎంత కిందికి వస్తాయో ఊహకి అందదు. బాన్షీ గరిష్ఠ వేగం గంటకి 109 కిలోమీటర్లు. అంటే సెకనుకి 30 మీటర్లు. వంగి తాళాలు తీసి తల ఎత్తే లోపు బండి వచ్చేస్తుంది. ఆ బండిలో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న పిల్లల సంగతీ ఆలోచించాలి.

వస్తువు పడితే చెయ్యాల్సింది దిగగానే ఆపరేటర్‌కి చెప్పడం. ఏ వరుసలో కూర్చున్నారు, ఎడమ పక్కా కుడి పక్కా, ఏ మలుపు దగ్గర పడినట్టనిపించింది, రంగేమిటి. రైడ్ ఆపి, కరెంటు తీసేసి, మళ్లీ ఎవరూ వెయ్యకుండా తాళం వేశాకే సిబ్బంది అయినా లోపలికి వెళ్తారు. అందుకే చాలాసార్లు సాయంత్రం దాకా ఆగమంటారు. ఆ ఆగమనడంలో నిర్లక్ష్యం లేదు. ఈలోపు ఇంకొకరి ఫోన్ నుంచి సిమ్, యూపీఐ ఆపించుకోవచ్చు. కారు తాళం అయితే రెండోది ఇంటి దగ్గర ఎవరికైనా ఇచ్చి బయల్దేరడం మేలు. ఆ రెండో తాళం ఉందన్న ధైర్యమే మనిషిని కంచె దగ్గర ఆపుతుంది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వెళ్లాం. మా అక్క ఎప్పటిలాగే వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చుంది. ఒళ్లో నాలుగు ఫోన్లు, రెండు కళ్లజోళ్లు, కారు తాళం, నా చున్నీ. బండి దిగి మా మేనల్లుడు తిన్నగా వాళ్లమ్మ దగ్గరికి నడిచాడు. ఒళ్లో ఉన్నవన్నీ తన చేతుల్లోకి తీసుకుని, "ఇప్పుడు నువ్వెళ్లమ్మా, నేను కూర్చుంటా" అన్నాడు.