దెబ్బ తినడంలోని పనితనం

మా అందోల్, జోగిపేట వాళ్లకు బాబూమోహన్ రెండు రకాలుగా తెలుసు. ముందు తెర మీద కోట శ్రీనివాసరావు చేత తన్నులు తినే మనిషిగా చూశాం. తర్వాత 1998 ఉప ఎన్నికలో తెలుగుదేశం అభ్యర్థిగా చూశాం. మూడుసార్లు ఎమ్మెల్యేగా గెలిపించుకున్నాం కూడా. ఆయన పార్టీల గురించి, గెలుపోటముల గురించి మా దగ్గర ఏ హోటల్లో కూర్చున్నా గంటలు మాట్లాడేవాళ్లు దొరుకుతారు. నటన దగ్గరికొచ్చేసరికి ‘కామెడీ మంచిగ చేస్తడు’ అని ఒక్క ముక్కతో తేల్చేస్తారు. ఆ ముక్క ఆయనకు చాలదు. దెబ్బ తినే పాత్రలో ఇంత నేర్పు చూపించినవాళ్లు మన సినిమాల్లో చాలా తక్కువమంది.

ఆయన 1952లో ఖమ్మం జిల్లా బీరోలులో పుట్టారు. రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేశారు. ఆ రోజుల్లో సర్కారు కొలువంటే ఇంటిల్లిపాదికీ ధీమా. దాన్ని వదులుకుని, ముప్పై దాటిన వయసులో సినిమాల్లోకి వచ్చారు. బక్క పలచని ఒళ్లు, చామనఛాయ, కొంచెం గరుకు గొంతు. కోడి రామకృష్ణ తీసిన ‘ఆహుతి’, ‘అంకుశం’ లాంటి సినిమాల్లో చేసినవి చిన్న పాత్రలే అయినా, పరిశ్రమ కళ్లలో పడ్డారు.

దశ తిరిగింది 1991లో, ‘మామగారు’తో. ముత్యాల సుబ్బయ్య దర్శకుడు, దాసరి నారాయణరావు మామగారు. అందులో కోట శ్రీనివాసరావు ఎదుట బిచ్చగాడిగా బాబూమోహన్ నిలబడ్డారు. కోట తన్నడం, ఈయన ఎగిరిపడటం, హాలంతా ఘొల్లుమనడం. ఆ పాత్రకు నంది అవార్డు వచ్చింది. అక్కణ్నుంచి ఆ ఇద్దరి జంట ఉంటేనే సినిమా కొంటామని అడిగేంత గిరాకీ ఏర్పడింది. పోస్టరు మీద హీరోతో పాటు వాళ్ల బొమ్మలూ వేసేవాళ్లు.

తన్నే సీనులో ప్రేక్షకుడి చూపు తన్నేవాడి కాలి మీద ఉంటుంది. సీను పండేది మాత్రం తినేవాడి ఒంట్లో. రెప్పపాటు ముందే కదిలితే దెబ్బ రాబోతోందని వాడికి ముందే తెలుసని మనం పసిగట్టేస్తాం. రెప్పపాటు ఆలస్యమైతే దెబ్బ తేలిపోతుంది. బాబూమోహన్‌ను జాగ్రత్తగా గమనించండి. దెబ్బ పడగానే అరవరు. ముందు కళ్లు పెద్దవవుతాయి, మెడ ముందుకు సాగుతుంది, నోరు సగం తెరుచుకుని ఆగిపోతుంది. గొంతు ఆ తర్వాత లేస్తుంది. ఆ చిన్న ఆలస్యంలోనే నవ్వు పుడుతుంది. నొప్పిని మరీ నిజంగా చూపిస్తే మనకు జాలేస్తుంది, బొత్తిగా చూపించకపోతే నమ్మకం కుదరదు. ఆ రెంటి మధ్య ఆయన ఎప్పుడూ తడబడలేదు.

ఈ సంగతి నాకు అర్థమైంది పటాన్‌చెరులో. అక్కడి పారిశ్రామికవాడలో లేత్ మెషిన్ మీద చాలా ఏళ్లు పనిచేశాను. సెకండ్ షిఫ్టు భోజనాల వేళ క్యాంటీన్ టీవీలో పాత సినిమాలు వచ్చేవి. బిహార్, ఒడిశాల నుంచి కాంట్రాక్టు పనికొచ్చిన పిల్లలకు తెలుగు రాదు. హీరో డైలాగులకు తల కూడా ఎత్తేవాళ్లు కాదు. బాబూమోహన్ కనబడితే మాత్రం చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయేది. మా బ్యాచ్‌లోని సదాశివపేట కుర్రాడు ఒకసారి నాతో అన్నాడు: “అన్నా, గీయనకు మాటలు గుడ అక్కర్లేదే! ఒళ్లే మాట్లాడ్తది.” నేను ఇంత రాసినా వాడి మాటను మించలేదు.

ఆ ఒళ్లు ఎక్కడిదో మా వైపు పెద్దవాళ్లకు చెప్పక్కర్లేదు. చిందు భాగోతంలో బుడ్డర్‌ఖాన్ వస్తే పిల్లాజెల్లా అంతా నిద్రమత్తు వదిలి లేచి కూర్చునేవాళ్లు. వాడూ అంతే, నడకతో, కుప్పిగంతులతో, బెదిరిన చూపుతో నవ్విస్తాడు. బాబూమోహన్ ఆ ఆట దగ్గర నేర్చుకున్నారని నేను అనడం లేదు. ఊరి ఆటల్లో ఉన్న ఒడుపు ఆయన నటనలో ఉందని, అందుకే మా ఊళ్లలో ఆయన్ను పరాయివాడనుకోలేదని మాత్రం అంటాను.

ఆయనకు అడుగులూ తెలుసు. ఎస్వీ కృష్ణారెడ్డి ‘మాయలోడు’లో సౌందర్య పక్కన వాన పాటకు ఆడింది ఆయనే. హీరోయిన్ పక్కన కమెడియన్‌ను పెట్టి పాట తీయడం అప్పట్లో సాహసమే. వాళ్లిద్దరూ ఆ పాటను ఎంత హుషారుగా ఆడారంటే, జనం ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు.

1999లో మరో వింత జరిగింది. బాబూమోహన్ అందోల్ నుంచి మళ్లీ గెలిచారు. అదే ఎన్నికలో బీజేపీ తరఫున కోట విజయవాడ తూర్పు నుంచి గెలిచారు. తెర మీది జంట శాసనసభలోనూ అధికార కూటమి పక్షాన కూర్చుంది. చంద్రబాబు మంత్రివర్గంలో బాబూమోహన్ కార్మిక శాఖ చూశారు. 2004లో దామోదర రాజనర్సింహ చేతిలో ఓడి, 2014లో టీఆర్ఎస్ తరఫున ఆయన్నే ఓడించి తిరిగొచ్చారు. 2018లో టికెట్ దక్కక బీజేపీలో చేరారు. ఆ తర్వాత అందోల్‌లో గెలుపు అందలేదు.

రాజకీయం కంటే పెద్ద దెబ్బ ఇంటికే తగిలింది. 2003లో ఆయన కొడుకు రోడ్డు ప్రమాదంలో పోయాడు. 2010లో కోటకూ అదే గతి పట్టింది, ఆయన కొడుకునూ రోడ్డే మింగింది. మనల్ని అంతగా నవ్వించిన ఇద్దరికీ ఒకే రకం కడుపుకోత. అయినా ఇద్దరూ మళ్లీ మొహానికి రంగు వేసుకున్నారు. సినిమా వాళ్ల జీవితాలు పూలపాన్పులనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి.

2025 జూలై 13న కోట వెళ్లిపోయారు. సీను ముందు ఇద్దరూ ఏం అనుకునేవాళ్లో, ఏది అప్పటికప్పుడు కల్పించుకునేవాళ్లో, ఎవరు ఎవరికి చోటిచ్చేవాళ్లో ఇప్పుడు బాబూమోహనే చెప్పాలి. పటాన్‌చెరు నుంచి గంట కూడా పట్టని దూరంలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, అందులో రంగస్థల కళల విభాగం ఉంది. వాళ్లు ఆయన్ను పిల్లల ముందు కూర్చోబెట్టి, పాత సీన్లు వేసి చూపిస్తూ, ఒక్కో పాటు ఎలా పడ్డారో చెప్పించి రికార్డు చేయాలి. హీరోల మీద పుస్తకాలు ఎన్నో వచ్చాయి. సహాయ నటుల విద్య వాళ్లతోనే పోతోంది. అడిగితే చెప్పే మనిషి ఇంకా మన మధ్య ఉన్నారు, అడగాల్సింది మనమే.