ధనమ్మాళ్ శుక్రవారములు

ప్రచారభేరి మ్రోగినచోటనే సంగీతమున్నదనుకొనుట నేటి భ్రమ. చేతిలోని ఫోను ఇది వినుము, అది వినుమని తొందరపెట్టుచున్నది. ఒక పాట ముగియకముందే వేరొకటి వచ్చి పడుచున్నది.

మదరాసు జార్జిటౌనులో వీణ ధనమ్మాళ్ (1867–1938) శుక్రవారపు సాయంకాలములందు తమ యింటనే వీణ వాయించుచు పాడెడివారు. మైకు లేదు, ఆర్భాటము లేదు. మీటిన తీగ నాదము అణగువరకు వినగల నిశ్శబ్దమే శ్రోత చెల్లించు రుసుము. పేరెన్నికగన్న విద్వాంసులు సైతము అచట శ్రోతలై కూర్చుండెడివారు.

ఆమె పాడినవానిలో మువ్వ క్షేత్రయ్య పదములు ముఖ్యములు. పదమునకు ప్రాణము విళంబగతి. ఒక్కొక్క మాటను రాగములో నాననిచ్చి, గమకముతో భావమును మెల్లగా విప్పవలెను. అరనిమిషపు తునకలో అది యిమడదు. తెలుగువారి యీ సొత్తును తమిళదేశమందలి ఆ కుటుంబము తరతరములుగా కంఠమున కాపాడినది. మనుమరాండ్రలో బృంద, ముక్త పాడి నిలిపిరి, బాలసరస్వతి అభినయించిరి. బృందకు 1976లో సంగీత కళానిధి బిరుదము లభించినది.

ధనమ్మాళ్ గ్రామఫోను రికార్డులు నేడు ఆ ఫోనులోనే వినవచ్చును. కాని అవి కేకవేసి పిలువవు. వెదకి, తలుపు మూసి కూర్చున్నవానికే పలుకును. పాడువారు తగ్గుటకన్న, కడవరకు వినువారు తగ్గుటయే పదమునకు పెద్ద ముప్పు.