వసంతానికి తగిన కాకర వేపుడు

ఉగాది వెళ్ళిన వారం పది రోజులకు నా వైద్యశాలకు వచ్చేవారిలో చాలామంది ఇంచుమించు ఒకే తీరుగా బాధలు చెప్పుకుంటారు. ఆకలి లేదని, ఒళ్ళు బరువుగా ఉందని, తెల్లవారగానే గొంతులో శ్లేష్మం అడ్డుపడుతోందని, మధ్యాహ్నం భోజనం కాగానే కళ్ళు మూతలు పడుతున్నాయని అంటారు. వీరిలో ఇతర వ్యాధి లక్షణాలు లేనివారికి నేను ముందుగా చెప్పేది ఔషధం కాదు, ఒక కూర. అది కాకరకాయ వేపుడు. అయితే ఆ వేపుడు ఎలా చేయాలో, ఎంతవరకు నమ్మాలో వివరంగా చెప్పకపోతే కలిగే అనర్థాన్ని ఒకసారి నేను కళ్ళారా చూశాను. ఆ అనుభవమే ఈ వ్యాసానికి కారణం.

వసంతంలో కఫ ప్రకోపం

చైత్ర, వైశాఖ మాసాలు వసంత ఋతువు. శిశిరంలో చలివల్లను, ఆ కాలంలో మనం ఇష్టపడి తినే నేతి వంటలు, తీపి పదార్థాలవల్లను శరీరంలో కఫం సంచితమవుతుంది. వసంతం రాగానే, పేరిన నెయ్యి ఎండకు కరిగినట్లు, ఆ కఫం సూర్యతాపానికి కరిగి జఠరాగ్నిని మందగింపజేస్తుంది. జలుబు, దగ్గు, అరుచి, బద్ధకం దాని ఫలితాలే.

వాగ్భటాచార్యులు అష్టాంగహృదయం సూత్రస్థానం 3వ అధ్యాయంలో ఋతుచర్యను బోధిస్తూ, వసంతంలో బరువైనవి, చల్లనివి, జిడ్డుగలవి, పులుపు, తీపి పదార్థాలను, పగటి నిద్రను విడిచిపెట్టమన్నారు. పాత యవలు, పాత గోధుమలు, తేనె వాడమన్నారు. వీటితోపాటు శూలానికి గుచ్చి నిప్పుమీద కాల్చిన జాంగల మాంసాన్ని కూడా పేర్కొన్నారు. శాకాహారులు ఈ చివరి మాటను మనకు సంబంధించనిదని దాటవేయరాదు. అదే మాంసాన్ని పులుసుగానో, నేతిలో వండిన కూరగానో చెప్పక, కాల్చి తినమనడంలోని ఆంతర్యాన్ని గ్రహించాలి. పొడి సెగ పదార్థంలోని నీటిని, జిడ్డును హరించి దానిని తేలిక చేస్తుంది. ఈ సూత్రం కూరగాయలకూ వర్తిస్తుంది.

వండే తీరును బట్టి గుణం

ఒక ద్రవ్యానికి సహజంగా ఉన్న గుణం సంస్కారంచేత మారుతుందని చరకాచార్యులు విమానస్థానం మొదటి అధ్యాయంలో చెప్పారు. నీరు, అగ్ని, కడగడం, చిలకడం, పాత్ర, కాలం - ఇవన్నీ సంస్కారాలే. దీనికి మన వంటింట్లోనే మంచి ఉదాహరణ ఉంది. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన భావప్రకాశంలో వంకాయను గురించి చెబుతూ, నిప్పులమీద కాల్చిన వంకాయ మిక్కిలి తేలికయినదని, కఫాన్ని, మేదస్సును తగ్గించి ఆకలిని పెంచుతుందని అన్నాడు. అదే వంకాయకు నూనె, ఉప్పు చేరితే బరువై, జిడ్డుగలదవుతుందని వెంటనే చెప్పాడు. కాయ ఒకటే, వండిన తీరు మారగానే ఫలితం మారింది.

మన తెలుగులో వచ్చిన చిక్కేమిటంటే, 'వేపుడు' అనే ఒక్క మాటతోనే రెండు భిన్నమైన వంటలను పిలుస్తున్నాము. మూకుడులో రెండు మూడు చెంచాల నూనెతో నిదానంగా వేయించినదీ వేపుడే, కాగిన నూనెలో ముంచి తీసినదీ వేపుడే. మొదటిది వసంతానికి పథ్యం. రెండవది ఆ ఋతువులో విడువవలసినది.

నా మాటలోని లోపం

పదిహేనేళ్ళ క్రితం చైత్రమాసంలో ఒక ఉపాధ్యాయుడు నా వద్దకు వచ్చాడు. వయస్సు యాభై దాటింది. కొన్నేళ్ళుగా మధుమేహానికి మాత్రలు వాడుతున్నాడు. ఆకలి మందగించి, దగ్గుతో బాధపడుతున్నాడు. నాడి చూసి, రెండు చూర్ణాలు ఇచ్చి, "ఈ రెండు నెలలూ కాకర వేపుడు తరచు తినండి. కఫానికీ, మీ మధుమేహానికీ కూడా మంచిది" అన్నాను. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు.

ఆషాఢంలో ఆయన కుంటుతూ వచ్చాడు. కాలి బొటనవ్రేలు నల్లబడి, పుండు చీము పట్టి ఉంది. వెంట వచ్చిన భార్య, "మీరు చెప్పిన దగ్గరనుంచి రోజూ కాకర వేపుడే చేస్తున్నానండీ. చేదు పోవాలని ఉప్పు నీళ్ళలో ఉడికించి, పిండి, శనగపిండి అద్ది నూనెలో వేయించి, కాస్త బెల్లం చల్లుతున్నాను. కాకర తింటున్నాను కదా అని ఆయన మాత్రలు కూడా మానేశారు" అన్నది. ఆమె మాటలో నిష్ఠూరం లేదు. అది నన్ను మరింత బాధించింది.

వెంటనే ఆయనను శస్త్రవైద్యుని వద్దకు పంపాను. కాలు దక్కింది, వ్రేలు దక్కలేదు. మాత్రలు మానడం ఆయన చేసిన పొరపాటే కావచ్చు. కానీ "మధుమేహానికి మంచిది" అన్న నా మాటే ఆయనకు ఆ ధైర్యం ఇచ్చింది. "మాత్రలు మానవద్దు" అనే రెండు మాటలు ఆనాడు నేను చెప్పి ఉండవలసింది. నాటినుంచి పథ్యం చెప్పేటప్పుడు వండే విధానాన్ని, ఆ హెచ్చరికను కాగితంమీద వ్రాసి ఇవ్వడం నాకు నియమమైంది.

వేపుడు చేసే విధానం

గురుకులంలో ఉన్న రోజుల్లో మా గురుపత్ని కట్టెల పొయ్యిమీద ఇనుప మూకుడులో చేసిన పద్ధతి ఇది. గ్యాసు పొయ్యికి అనుగుణంగా కొద్దిగా మార్చి వ్రాస్తున్నాను. నలుగురికి సరిపోతుంది.

లేత కాకరకాయలు 500 గ్రాములు తీసుకోండి. కాయ గట్టిగా, ఆకుపచ్చగా ఉండాలి. పసుపు తిరిగినవి వద్దు. కడిగి, తుడిచి, పైన ఉన్న బొడిపెలను చెక్కివేయకుండా పలుచని చక్రాలుగా తరగండి. ముదురు గింజలు తీసివేయండి. ఒక చిన్న చెంచా ఉప్పు, అర చెంచా పసుపు పట్టించి 20 నిమిషాలు ఉంచండి. ఊరిన నీటిని వంచివేస్తే చాలు. గట్టిగా పిండవద్దు, ఉడికించి వార్చవద్దు. ఆ చేదు కోసమే కదా మనం ఈ కూర వండుతున్నాము!

ఇనుప మూకుడును బాగా వేడి చేసి, 3 చిన్న చెంచాల నువ్వుల నూనె వేసి, మూకుడంతా అంటేటట్లు తిప్పండి. ముక్కలను ఒకదానిమీద ఒకటి పడకుండా పరచండి. ఒకేసారి పట్టకపోతే నూనెను, ముక్కలను రెండు విడతలుగా పంచుకోండి. సెగ తగ్గించండి. మూత పెట్టరాదు, మూత పెడితే ఆవిరికి ముక్క మెత్తబడుతుంది. నాలుగైదు నిమిషాలకొకసారి తిరగవేస్తూ ఉంటే సుమారు అరగంటలో అంచులు గోధుమరంగు తిరిగి కరకరలాడతాయి. నల్లబడనివ్వకండి. మాడినదాని చేదు వేరు, కాకర చేదు వేరు.

ఈలోగా వేరొక మూకుడులో నూనె లేకుండా 2 చెంచాల మినపప్పు, ఒక చెంచా ధనియాలు, అర చెంచా జీలకర్ర, 8 మిరియాలు, 2 ఎండుమిరపకాయలు దోరగా వేయించి, చల్లారిన తరువాత బరకగా పొడి చేయండి. వేగిన ముక్కలమీద ఈ పొడి, రెండు రెబ్బల కరివేపాకు వేసి, రెండు నిమిషాలు కలిపి దించండి. ఇంట్లో ఎండబెట్టిన వేపపువ్వు ఉంటే ఒక చెంచా పొడిగా వేయించి పైన చల్లండి. ఈ ఋతువుకు అంతకుమించిన తాళింపు లేదు.

ఈ వేపుడులో చింతపండు, బెల్లం వేయరాదు. ఉగాది పచ్చడిలో అవి ఉన్నాయి కదా అని అడుగుతారు. అది ఆరు రుచులను ఒకచోట చేర్చిన ఒక్కనాటి ప్రసాదం. ఇది వారానికి రెండు మూడుసార్లు తినే పథ్యం. వేడి అన్నంలో మొదటి ముద్దలతో తినండి. పెరుగుకు బదులు శొంఠిపొడి కలిపిన పలుచని మజ్జిగ తీసుకోండి. పిల్లలు చేదంటే మారాం చేస్తారు. వారికి మొదట నాలుగు ముక్కలు చాలు. కరకరలాడే ముక్కను పిల్లలు త్వరగా అలవాటు చేసుకుంటారు.

ఎంతవరకు నమ్మాలి?

కాకర చేదుగా, తేలికగా ఉండి, మలాన్ని జారీ చేస్తుందని, కఫ పిత్తాలను, క్రిములను, పాండువును, మేహాన్ని హరిస్తుందని భావప్రకాశం చెబుతుంది. నేను ఆ శాస్త్రంలోనే పెరిగాను, దానినే ఆచరిస్తున్నాను. అయినా ఈనాటి పరిశోధనలు చెప్పేది కూడా పాఠకులకు తెలియాలి. మధుమేహంలో కాకర ఉపయోగంపై కాక్రేన్ సమీక్షకులు 2012లో 479 మందిపై జరిగిన 4 పరీక్షలను పరిశీలించి, దానిని చికిత్సగా సిఫారసు చేయడానికి ఆధారాలు చాలవని తేల్చారు. కాబట్టి కాకర మీ విస్తరిలో ఉండవలసిన కూర. మీ మాత్రకు, మీ ఇన్సులిన్‌కు అది బదులు కాదు.

దీనికి మరొక వైపు కూడా ఉంది. మాత్రలు వాడుతూనే రోజూ గ్లాసెడు కాకర రసం త్రాగేవారికి చక్కెర ఉన్నట్టుండి పడిపోయి, చెమటలు పట్టి, కళ్ళు తిరగవచ్చు. వైద్యునికి చెప్పకుండా రసం, చూర్ణం వాడవద్దు. గర్భిణులు వీటిని పూర్తిగా విడవాలి. పండిన కాయలోని ఎర్రని గింజలను పిల్లలకు అందనివ్వకండి. వాంతులు, విరేచనాలు కలగవచ్చు. కడుపులో మంట, పుండు ఉన్నవారు మిరపకాయలు మానాలి.

ఆ ఉపాధ్యాయుడు ఇప్పటికీ ఏటా ఉగాదికి మా ఇంటికి వస్తాడు. మాత్రలు క్రమంగా వాడుతున్నాడు, చక్కెర అదుపులో ఉంది. పోయిన చైత్రంలో భార్య చేసిన వేపుడు చిన్న గిన్నెలో తెచ్చి నా ముందు పెట్టి, "ఈసారి సరిగ్గా కుదిరిందో లేదో చూడండి" అన్నాడు. ముక్క నోట వేసుకున్నాను. కరకరలాడింది, చేదు నిలిచింది, చేతికి నూనె అంటలేదు. సరిగ్గానే కుదిరింది.