మొండిబిడ్డలా, మనము మఱచిన బిడ్డలా?

ఆదోని ప్రత్తి వ్యాపారమునకును, ఎమ్మిగనూరు చేనేతకును పేరెన్నిక గన్నవి. 1938వ సంవత్సరమున మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించి, దిక్కులేని మగ్గములకు దిక్కు చూపిరి. ఆ సీమలోనే నేడు బడిలో దిక్కులేక కూర్చుండు బిడ్డలు గలరు. వారినిగూర్చి నాలుగు మాటలు వ్రాయవలసియున్నది.

వానలు తప్పిన యేట ఈ పల్లెలు సుగ్గికి కదలును. తల్లిదండ్రులు గుంటూరు సీమకు మిరపకోతలకో, బెంగుళూరునకు కట్టడపు పనులకో పోవుదురు. బిడ్డ అవ్వచెంత నుండిపోవును. లేదా బడి విడిచి వారివెంట నడచును. నెలలు గడచి తిరిగివచ్చిన బాలునకు పాఠమంతయు క్రొత్త. ఒకడు ప్రక్కవానిని కొట్టును; వేఱొకడు నోరు మెదపక గోడవైపు చూచుచుండును. మొదటివానికి 'మొండి' యను బిరుదు లభించును. రెండవవానిని ఎవ్వరును గమనింపరు. ఇరువురి వ్యథయు ఒక్కటియే.

పూర్వము వీధిబడులలో ఇట్టివారికి కోదండమును, గోడకుర్చీయును మందులు. 2009 నాటి విద్యాహక్కు చట్టము దేహదండనమునే గాక మానసిక వేధింపును సైతము నిషేధించినది. ప్రాథమిక విద్య ముగియువఱకు బిడ్డను బడినుండి వెడలగొట్టరాదనియు శాసించినది. చట్టము బెత్తమును లాగికొన్నది, సరియే. దానికి బదులుగా ఉపాధ్యాయుని చేతికి మన మేమిచ్చితిమి?

ఈయవలసినది పెద్ద ధనము కాదు. 1920లో భావనగరమున బాలమందిరమును నెలకొల్పిన గిజుభాయి బధేకా బెత్తము లేకయే బడి నడపి చూపెను. బిడ్డ ఎప్పుడు, దేని పిదప రేగుచున్నాడో ఉపాధ్యాయుడు ఒక వారము వ్రాసియుంచినచో కారణము చాలవఱకు బయటపడును: ఆకలియో, చదువ లేని సిగ్గో, తండ్రి త్రాగుడో. తప్పును తప్పనవలెను గాని బిడ్డను దుష్టు డనరాదు. నలుగురిలో గద్దింపక, శాంతించిన పిదప ఏకాంతమున మాటాడవలెను. చిన్నపని యొప్పగించి, నెఱవేర్చినపుడు మెచ్చవలెను. ఇంతటితో తీరని బాధయైనచో వైద్యునికి చూపవలెను. 2022లో ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేసి సలహా పొందవచ్చును. పరువునకు వెఱచి దాచుట బిడ్డకు ద్రోహము.

ఇక భూస్వాములకును, వర్తకులకును ఒక మనవి. వలసపోవువారి బిడ్డలకై ఏర్పడిన సీజనల్ హాస్టళ్లు బండ్లు కదలుటకు ముందే తెఱచునట్లు పట్టుబట్టుడు. అందు కూడు, పడకలతోపాటు బిడ్డ గోడు వినువారొక రుండవలెను. బడి మానిన పసివానిని కూలి చవుకయని ప్రత్తిచేనికి పిలుచునది మనమే యని మఱువరాదు.

పోగు తెగినదని నేతగాడు మగ్గము విడిచిపోడు, ముడివేసి నేయును. బడియు అట్లే చేయవలదా?