పద్దెనిమిదా, ఇరవయ్యా?

ఒకరోజు పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. మా ఊరి గొర్రెలాయన కంబళిలో ఏదో చుట్టుకొచ్చి నా ముందు దించాడు. విప్పితే కుక్కపిల్ల. నలభై రోజులదట. ఒళ్ళంతా నలుపు, కళ్ళ మీద రెండు గోధుమరంగు చుక్కలు, పాలు తాగి ఉబ్బిన బొజ్జ. దీని తల్లి ఆయన మందకి కాపలా కాస్తుంది. దీన్నీ మందలోనే పెంచాలని ఆయన ఆలోచన.

"సారూ, దీని కాళ్ళకి పైన ఉత్త గోళ్ళుండాయి చూడు. తుమ్మకంపకి తగులుకుంటే చీరుకపోతాయంట. చిన్నప్పుడే కోసేస్తే పీడా పోతుందని అంటాండారు. కోసేయల్నా, వద్దా?"

సెలవులకి వచ్చిన మా మనవడు అప్పటికే పిల్లని ఒళ్ళోకి లాక్కున్నాడు. "తాతా, అసలు కుక్కకి ఎన్ని గోళ్ళుంటాయి?"

"నన్నడగడం దేనికి? ఒళ్ళోనే ఉందిగా, లెక్కపెట్టు."

పెట్టాడు. కాలికి ఐదు చొప్పున ఇరవై తేలాయి. "సరే, ఇప్పుడు వేపచెట్టు కింద పడుకున్న వీధి కుక్కవి కూడా చూసి రా" అన్నాను. రెండు బిస్కెట్లు ఖర్చయ్యాయి గానీ లెక్క తెచ్చాడు. ముందుకాళ్ళకి ఐదేసి, వెనక్కాళ్ళకి నాలుగేసి, మొత్తం పద్దెనిమిది. "తాతా, మన పిల్లకి రెండు ఎక్కువున్నాయి!"

ఎక్కువ సంగతి తర్వాత. ముందు ఆ పైగోరు ఏమిటో చూద్దాం. పాదానికి లోపలివైపు, నేలకి అందకుండా ఉంటుందే, అదే. ఇంగ్లీషువాళ్ళు దాన్ని డ్యూ క్లా అంటారు. డ్యూ అంటే మంచు. నేలని తాకదు, గడ్డి మీది మంచుని మాత్రం తాకుతుందని ఆ పేరు వచ్చిందంటారు. నేలే తాకనిది కోస్తే పోయేదేముందని మన గొర్రెలాయనకి ఎవరో చెప్పారు. వినడానికి బాగానే ఉంది. నిజమో కాదో మన చేత్తోనే తేల్చుకోవచ్చు.

మీరూ చేసి చూడండి. అరచెయ్యి పైకి లేపి, నాలుగు వేళ్ళ కొనలు మాత్రం బల్ల మీద ఆనించండి. కుక్క నిలబడేది ఇలాగే, వేళ్ళ మీద. దాని ముందుకాలి మధ్యలో మోకాలిలా కనిపించేది నిజానికి మణికట్టు. ఇప్పుడు మీ బొటనవేలు ఎక్కడుంది? గాలిలో వేలాడుతోంది కదూ! అదే కుక్క పైగోరు. అంటే అది ఉత్త గోరు కాదు, బొటనవేలు.

ఆ చేతిని అలాగే ఉంచి, ఒంటి బరువంతా దాని మీద వేసి మణికట్టుని కిందికి వంచండి. వంగే కొద్దీ బొటనవేలు దిగుతూ దిగుతూ వచ్చి బల్లని తాకుతుంది. కుక్క నడిచేటప్పుడు మణికట్టు నిటారుగా ఉంటుంది కాబట్టి పైగోరు గాలిలోనే ఉంటుంది. దౌడు తీసేటప్పుడు ఒంటి బరువు ఒక్క ముందుకాలి మీదికి వచ్చే క్షణం ఒకటుంటుంది. అప్పుడు మణికట్టు బాగా కిందికి వాలిపోయి పైగోరు నేలకి ఆనుతుంది. ఆ వేగంలోనే పక్కకి మళ్ళాల్సి వస్తే గోరు మట్టిలో దిగబడి, మణికట్టు మెలి తిరక్కుండా ఆపుతుంది. మంద నుంచి తప్పిపోయే గొర్రెకి అడ్డం తిరగాలంటే రోజుకి ఎన్నిసార్లు అలా మళ్ళాలో గొర్రెలాయన్నే అడగండి.

ఎముక నములుతున్న కుక్కని ఎప్పుడైనా దగ్గర్నించి చూశారా? ఎముక జారిపోకుండా రెండువైపుల నుంచీ ఆ బొటనవేళ్ళతోనే అదిమి పట్టుకుంటుంది. ఒడ్డు ఎక్కేటప్పుడూ అవే కొక్కేలు. ఇన్ని పనులు చేయాలంటే లోపల సరంజామా ఉండాలిగా. ముందుకాలి పైగోరు లోపల ఎముకలున్నాయి, కీళ్ళున్నాయి, కండరాల నుంచి వచ్చి ఆ ఎముకలకి తాళ్ళలా కట్టుకున్న స్నాయువులున్నాయి. కాబట్టి ముందుకాలి పైగోరు తీసేయడమంటే గోరు కత్తిరించడం కాదు. వేలు నరకడం.

పందాల కుక్కలకీ పనిచేసే కుక్కలకీ వైద్యం చేసే క్రిస్టీన్ జింక్ అనే అమెరికా పశువైద్యురాలు ఈ మాటే గట్టిగా చెబుతారు. పైగోళ్ళు తీసేసిన కుక్కల్లో మణికట్టు కీళ్ళు అరిగిపోవడం ఆమె చాలాసార్లు చూశారట. అడ్డంకులు దూకుతూ పరుగెత్తే అజిలిటీ పందాల కుక్కల యజమానులని అడిగి చేసిన సర్వే ఒకటి 2018లో అచ్చయింది. ముందు పైగోళ్ళు లేని కుక్కల్లో కాలివేళ్ళకి దెబ్బలు ఎక్కువగా కనిపించాయి. గోళ్ళు పొడుగ్గా పెరగనిచ్చిన కుక్కల్లోనూ అంతే. సర్వే సర్వేయే, అది తుది తీర్పు కాదు. కానీ 'పనికిరానిది, కోసెయ్' అనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగి ఆలోచించడానికి అది చాలు.

అవతలివాళ్ళ మాటలోనూ న్యాయం లేకపోలేదు. పొదల్లో దూరే వేటకుక్కకి పైగోరు కంపలో చిక్కుకుని చీలిందంటే నొప్పి, నెత్తురు, కుంటు. ఒక్కోసారి అప్పుడైనా వేలు తీయక తప్పదు. కొన్ని కుక్కలకి అలా జరుగుతుంది గనక అన్నిటికీ ముందే కోసేద్దామా? ప్రశ్నంతా అక్కడే ఉంది. కన్ను పోతుందేమోనని కనురెప్పలు కుట్టుకుంటామా?

ఇక వెనక్కాళ్ళ సంగతి. మనవడి చేత పిల్ల ముందుకాలి పైగోరుని రెండు వేళ్ళతో పట్టించాను. "గట్టిగా ఉంది తాతా, లోపల ఏదో ఉంది." వెనకది పట్టుకోమన్నాను. అది తొడిమకి వేలాడే ఎండు చింతకాయలా అటూ ఇటూ ఊగింది. లోపల ఎముక తగల్లేదు, తోలే దాన్ని పట్టుకుని ఉంది. పరీక్ష ఇంతే. గట్టిగా కీలుతో ఉన్నది అవయవం, ఊగులాడేది అదనం.

ఈ అదనం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, కడుపులో ఉన్నప్పుడు కాలికి ఎటువైపు ఏ వేలు మొలవాలో చెప్పే జన్యువు ఒకటుంది. దాని పేరు సోనిక్ హెడ్జ్‌హాగ్. అవును, వీడియో గేములో బొమ్మ పేరే. దానికి దూరంగా ఒక స్విచ్ లాంటి ముక్క ఉంటుంది. ఆ ముక్కలో ఒక్క అక్షరం మారినా, దీపం వెలగకూడని గదిలో వెలిగినట్టు, బొటనవేలి పక్కన ఇంకో వేలు మొలవొచ్చు. ఆరువేళ్ళ మనుషుల్లో కొందరికీ, అమెరికాలో రచయిత హెమింగ్వే ఇంట్లో ఉండే ఆరువేళ్ళ పిల్లులకీ మార్పు కనిపించింది ఈ స్విచ్‌లోనే.

ఇంతకీ ఎన్ని గోళ్ళుంటే సరి? లోకంలో ఒక్క మాట లేదు. ఆఫ్రికా అడవికుక్కకి పదహారే, ముందుకాళ్ళకీ నాలుగేసే. దాని కాలిని కోసి పరిశీలించినవాళ్ళకి 2020లో తోలు కింద బొటనవేలి ఆనవాలుగా చిన్న ఎముక దొరికింది. ఫ్రాన్సు గొర్రెలకుక్క బోసెరాన్‌కి వెనక్కాలికి రెండేసి పైగోళ్ళు ఉండి తీరాలి, లేకపోతే ప్రదర్శనలో పనికిరాదు. దాని లెక్క ఇరవై రెండు. నార్వే కొండచరియల మీద ఒకప్పుడు పఫిన్ పక్షులని పట్టిన లుండెహుండ్‌కి కాలికి కనీసం ఆరు, అంటే ఇరవై నాలుగు. ఒకచోట కోసి పారేసేదాన్ని ఇంకోచోట లేదని తప్పుపడతారు!

మన వరాహమిహిరుడూ ఈ లెక్క వేశాడు. ఆరో శతాబ్దంలో ఉజ్జయినిలో రాసిన బృహత్సంహితలో కుక్క లక్షణాలకి ఒక అధ్యాయమే ఉంది. మూడు కాళ్ళకి ఐదేసి గోళ్ళు, కుడి ముందుకాలికి ఆరు ఉన్న మగకుక్క ఉంటే ఆ ఇంటికి సిరి అన్నాడు. మొత్తం ఇరవై ఒకటి. గొర్రెలాయన అది విని పిల్లని మళ్ళీ తిప్పి చూసుకున్నాడు. "ఒకటి తక్కువాయె గదా సారూ!"

నవ్వుకున్నాక అసలు తీర్పుకొచ్చాం. ముందుకాళ్ళవి ముట్టుకోవద్దు. వెనకవి కోయించాలంటే పుట్టిన మూడు నుంచి ఐదు రోజుల్లో డాక్టరు చేత చేయించాల్సింది, ఆ గడువు దాటిపోయింది. ఇప్పుడు తీయాలంటే మత్తు ఇవ్వాలి, కుట్లు వేయాలి. ఊగులాడుతూ నిజంగానే కంపకి తగులుకుంటుంటే, ఎలాగూ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే రోజున అదే మత్తులో తీయించవచ్చు. తగులుకోకపోతే ఆ అవసరమూ లేదు.

బ్లేడు మాత్రం పట్టొద్దని మరీ మరీ చెప్పాను. నా చిన్నప్పుడు మా ఇంటి కుక్కపిల్లకి తెలిసినాయన ఒకడు బ్లేడుతో తీసి బూడిద అద్దాడు. పుండు చీము పట్టి నెల రోజులు మానలేదు. పైగా మొదలు సరిగ్గా తెగక, ఆ మోడు నుంచి గోరు వంకరగా మళ్ళీ మొలిచింది. కుయ్యో మంటూ అది మా అమ్మ చీర చెంగు కింద దూరడం ఇప్పటికీ గుర్తే.

గోళ్ళు ఉంచుకుంటే చాకిరీ ఒకటుంది. తక్కినవి నేలకి రాసుకుని కొంత అరుగుతాయి, పైగోరు అంతగా అరగదు. వదిలేస్తే కొడవలిలా చుట్టుకుని తిరిగి మాంసంలోకే దిగుతుంది. మూడు నాలుగు వారాలకోసారి కొన మాత్రం కత్తిరించాలి. తెల్లగోరైతే లోపలి గులాబిరంగు నరం కనిపిస్తుంది. నల్లగోరులో కనిపించదు, అందుకని గోరుచిక్కుడు గింజ మందాన కూడా కాదు, బియ్యపుగింజంత చొప్పున తీసుకుంటూ పోవాలి. నెత్తురు చిమ్మితే కాసేపు గుడ్డతో అదిమి పట్టి, మంగలి వాడే పటిక తడిపి అద్దితే ఆగుతుంది.

"గొర్రెల గిట్టలు చెక్కేవాణ్ణి, నాకు ఇది లెక్కనా" అంటూ ఆయన పిల్లని కంబళిలో చుట్టుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ సెలవులకి మనవడు వచ్చేసరికి ఆ పిల్ల నడుమెత్తు కుక్కయింది. చెరువు కట్ట కింద తడిమట్టిలో మంద పోయిన దారి వెంట దాని అడుగులు కనిపించాయి. వాడు గొంతుక్కూర్చుని లెక్కపెట్టుకుంటూ పోయాడు. నడిచినంత మేరా అడుగుకి నాలుగు గోళ్ళే. ఒకచోట గొర్రె అడుగులు చేలోకి మళ్ళాయి, కుక్క అడుగులు వాటికి అడ్డంగా తిరిగాయి. అక్కడ ముందుకాలి గుర్తు వెనక, లోపలివైపు, సూదితో గీసినట్టు ఐదో గీత ఉంది.

"తాతా, తాకింది!" అని కేకేశాడు.