కాపురమునకు ముందు కాగితములు

ఆడపిల్లను అత్తవారింటికి పంపునపుడు పసుపు కుంకుమలు, చీరె సారెలు సర్దుట మనకు తెలియని విద్య కాదు. ఏ వస్తువు మఱచినను ఇంటి పెద్దలు జ్ఞాపకము చేయుదురు. కాని అత్తవారిల్లు అమెరికాలో నున్నపుడు సర్దవలసిన మఱియొక మూట కలదు. అది కాగితముల మూట. దానిని గూర్చి హెచ్చరించు ముత్తైదువలు మన యిండ్లలో నింకను తక్కువ. ఆ లోటు కొంతయైన తీర్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నా భర్త ఉన్నత పాఠశాలలో నుపాధ్యాయులు. పిల్లల పేళ్లను, పుట్టిన తేదీలను సరిచేయింపఁగోరి తల్లిదండ్రులు తఱచు మా యరుగు మీఁదికి వచ్చుచుందురు. వారికి కాఫీ యిచ్చుచు ఆ చిక్కులన్నియు వినుచుండెడి దానను. అవి మా పుట్టింటికే వచ్చునని యెన్నఁడును తలఁపలేదు.

మా చెల్లెలిని అమెరికా పౌరుఁడైన యొక తెలుగువాని కిచ్చి వివాహము చేసితిమి. వలస వీసా సంభాషణమునకు ఆమె ముంబయి వెళ్లినది. జనన పత్రములో నొక తేదీ యున్నది. పదవ తరగతి పత్రములోను, పాస్‌పోర్టులోను పదునొకండు మాసములు ముందటి తేదీ యున్నది. పిల్లను ఒక యేఁడు ముందుగా బడిలో వేయవలెనని మా నాయనగారు నాఁడు చెప్పిన చిన్న యబద్ధమే దీనికి కారణము. అంతేకాక, జనన పత్రములో బిడ్డ పేరే లేదు; "ఆడ శిశువు" అని మాత్రమే యున్నది. అధికారి కోపపడలేదు. 221(జి) అను నియమమును పేర్కొన్న యొక కాగితమిచ్చి, తగిన పత్రములు వచ్చు వఱకు నిర్ణయమును నిలిపివైచెను. వానిని సమకూర్చుటకు ఏడు మాసములు పట్టినది. ఆ యేఁటి సంక్రాంతికి చెల్లెలు పుట్టింటనే యున్నది. అల్లుఁడు అక్కడ నొంటిగా నున్నాఁడు. "నా మాట వలననే గదా" యని నాయనగారు రాత్రులు నిద్రపోయెడివారు కారు.

కావున తొలుత తెలిసికొనవలసిన దేమనఁగా, అమెరికాలో నున్న ప్రతి వరుని భార్యకును "గ్రీన్ కార్డు" వచ్చునని యనుకొనరాదు. వరుఁడు హెచ్-1బి వీసాపై పనిచేయుచున్నచో భార్యకు వచ్చునది హెచ్-4; అది తాత్కాలికము. వరుఁడు అమెరికా పౌరుఁడైనచో భార్యకు వార్షిక సంఖ్యా పరిమితి లేదు. అతఁడు గ్రీన్ కార్డు మాత్రమే కలవాఁడైనచో పరిమితి యున్నది. వరుస వచ్చువఱకు వేచియుండవలసి రావచ్చును. సంబంధము కుదుర్చుకొను నాఁడే యీ భేదము నడిగి తెలిసికొనుట సిగ్గుపడవలసిన విషయము కాదు.

ఇఁక క్రమము. భర్త అమెరికా ప్రభుత్వపు పౌరసత్వ, వలస సేవల శాఖకు ఐ-130 అను విన్నపము పెట్టవలెను. దానితో వధువు వివరములు గల ఐ-130ఎ జతపఱుపవలెను. విన్నప మంగీకరింపఁబడిన పిమ్మట, వధువు మన దేశముననే యున్నచో, ఆ కాగితములు జాతీయ వీసా కేంద్రమునకు పోవును. అపుడు రుసుములు కట్టి, డి.ఎస్.-260 అను దరఖాస్తును నింపి, పత్రముల ప్రతులను పంపవలెను. మన హైదరాబాదులో అమెరికా కాన్సులేటున్నను, ఈ తరగతి వీసాల సంభాషణము సాధారణముగా ముంబయిలో జరుగును. దానికి ముందు కాన్సులేటు గుర్తించిన వైద్యునియొద్దనే శరీర పరీక్ష చేయించుకొని, కావలసిన టీకాలు వేయించుకొనవలెను. రుసుములు మాఱుచుండును గనుక పొరుగువారి నోటి లెక్కను నమ్మక ప్రభుత్వపు వెబ్‌సైటునే చూడుఁడు.

భర్త యిచ్చు పోషణ పత్రము ఐ-864. అతని యాదాయము సాధారణముగా ఆ దేశము నిర్ణయించిన పేదఱికపు కొలతకు నూటికి 125 వంతు లుండవలెను. చాలనిచో వేఱొకరు జంటపూఁచీ యుండవచ్చును. ఈ బాధ్యత విడాకులతో తీఱిపోదు. ఈ సంగతి తెలియని భార్యలు పెక్కురు.

మన యిండ్లలో సమకూర్పవలసినవి జనన పత్రము, వివాహ ధ్రువపత్రము, పాస్‌పోర్టు, పోలీసు ధ్రువపత్రము. మన దేశపు పోలీసు పత్రమును పాస్‌పోర్టు కార్యాలయము ద్వారా పొందవచ్చును. పదునాఱేండ్లు నిండిన పిదప వేఱొక దేశమున నొక యేఁడు గాని అంతకు మించి గాని నివసించినచో ఆ దేశపు పత్రము కూడ కావలెను. జనన పత్రమున పేరు లేనిచో దానిని చేర్పించుటకు 1969 నాటి జనన మరణముల నమోదు చట్టమున 14వ విభాగము వీలు కల్పించుచున్నది. బిడ్డ చిన్నదిగా నున్నపుడే యీ పని సులభము.

వివాహమున కెందఱు వచ్చినను ధ్రువపత్రము వేఱు. 2002 నాటి నిర్బంధ వివాహ నమోదు చట్టము మన తెలుగునాట నున్నది. తాళి కట్టిన నెలలోనే యాపని ముగింపుఁడు. ఇదివఱకు పెండ్లియై విడిపోయిన వారు న్యాయస్థానపు డిక్రీని చూపవలెను. పెద్దమనుష్యుల యెదుట వ్రాసికొన్న కాగితము నాధారము చేసికొనరాదు. తెలుగులో నున్న పత్రములకు సంపూర్ణమైన యింగ్లీషు అనువాదము నుంచి, అనువదించినవారు అది సరియైనదనియు, తమకు రెండు భాషలును వచ్చుననియు వ్రాసి సంతకము చేయవలెను.

మన పేళ్లే మన కొక పెద్ద చిక్కు. ఇంటిపేరు ముందుండుట మన యాచారము. వారి ఫారములలో అది తుదకు పోవును. ఒకచోట పొడియక్షరము, ఒకచోట పూర్తి యింటిపేరు, వేఱొకచోట భర్త యింటిపేరు వ్రాసినచో ఒక్క స్త్రీయే మువ్వురుగా కనఁబడును. పెండ్లియైన వెంటనే పేరు మార్పవలెనను నిర్బంధము లేదు. ఏ పేరైనను ఒక్కటే యంతటను ఉండవలెను. తేడా యున్నచో దాఁచక చెప్పవలెను. తెలిసి యబద్ధము వ్రాసినచో శాశ్వతముగా ప్రవేశమే నిషేధింపఁబడవచ్చును. "నే చూచుకొందును, ఖాళీ కాగితముపై సంతకము చేయుఁడు" అను దళారిని గుమ్మము దాఁటనీయకుఁడు.

పెండ్లి నిజమైన దనుటకు నిదర్శనము లడుగుదురు. పెద్దలు కుదిర్చిన పెండ్లిలో వధూవరులు ముందుగా కలిసికొన్నది కొలఁదియే గదా యని భయపడవలదు. శుభలేఖ, పెండ్లి ఛాయాపటములు, ఇరువైపుల బంధువులు కలిసియున్న పటములు, పిమ్మట సాగిన యుత్తర ప్రత్యుత్తరములు, ప్రయాణపు టిక్కెట్లు భద్రపఱుపుఁడు. అడిగిన దానికి తెలిసినది తెలిసినట్లు చెప్పుట చాలును.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యిది. ఆ దేశమునకు చేరునాఁటికి వివాహమై రెండేండ్లు నిండనిచో వచ్చు కార్డు షరతుతో కూడినది. దాని గడువు రెండేండ్లు. గడువు తీఱుటకు ముందటి తొంబది దినములలో దంపతు లిరువురును కలసి ఐ-751 పెట్టవలెను. దీనిని భర్తయొక్కఁడే గుర్తుంచుకొనునని విడువరాదు. కాపురము చెడి విడాకులైనను, భర్త హింసించినను, భార్య యొంటిగా నీ దరఖాస్తు పెట్టుకొనుటకు దారి యున్నది. 1994 నాటి చట్టము హింసకు గుఱియైన భార్య భర్త సాయము లేకయే తనకై తాను విన్నవించుకొనుటకు కూడ నవకాశ మిచ్చినది. "కాగితములు నా చేత నున్నవి, నోరు మూసికొనుము" అని బెదరించు భర్తకు ఆమె భయపడ నక్కఱలేదు. అయితే ఆమె యొద్ద తన పత్రముల ప్రతులుండవలెను.

కావున ప్రతి కాగితమునకు మూఁడు ప్రతులు తీయుఁడు: ఒకటి పిల్ల చేతి సంచిలో, ఒకటి తల్లి పెట్టెలో, ఒకటి కంప్యూటరులో. పాస్‌పోర్టును, కార్డును పిల్ల స్వయముగా దాఁచుకొనవలెను.

మా చెల్లె లిప్పుడు భర్తతో సుఖముగా నున్నది. మొన్న ఫోనులో, "అక్కా, ఐ-751 పంపితిమి, దాని ప్రతి నా పెట్టెలో నున్నది" అని చెప్పినది. ఆ మాట నాయనగారికి వినిపించితిని. ఆయన యేమియు ననక లేచి వెళ్లి, మా యన్నగారి మనుమరాలి జనన పత్రమును తెచ్చి, "దీనిలో పేరున్నదేమో చూడుము" అని నా చేతి కిచ్చిరి.