గోడ కట్టే ముందే కంప్యూటర్‌లో ఇటుకలు పేర్చి చూస్తే...

ఇల్లు కడుతున్న చోట సాయంత్రం పూట ఒకసారి తిరిగి చూస్తే గోడ పక్కన ఇటుక ముక్కల కుప్ప కనిపిస్తుంది. అవన్నీ డబ్బు పోసి తెప్పించినవే. ఇటుక నాసిరకమని ఇంటివాళ్లు అంటారు, మేస్త్రీకి పని రాదని చూడ్డానికొచ్చిన చుట్టాలు అంటారు. చాలాసార్లు తప్పు ఇటుకదీ కాదు, మేస్త్రీదీ కాదు. గోడ కొలత ఇటుక కొలతకు కుదరదు, అంతే.

ఇంటి ప్లాన్ అడుగుల్లో ఉంటుంది. ఇటుకకు అడుగులు తెలియవు. భారతీయ ప్రమాణం ప్రకారం మాడ్యులర్ ఇటుక పొడవు 190 మి.మీ., వెడల్పు 90, ఎత్తు 90. దానికి 10 మి.మీ. సిమెంటు జాయింట్ కలిపితే 200, 100, 100 అవుతుంది. ఇప్పుడు తలుపుకూ కిటికీకీ మధ్య అడుగున్నర గోడ పెట్టమన్నారనుకుందాం. అడుగున్నర అంటే 457 మి.మీ. రెండు ఇటుకలు, రెండు జాయింట్లు పోగా 57 మి.మీ. మిగులుతుంది. ప్రతి వరసలోనూ అంత చిన్న ముక్క కొట్టి పెట్టాలి. తాపీతో కొడితే ఒకటి కుదిరేలోపు ఇంకొకటి పొడి అవుతుంది. పైగా హడావుడిలో ఆ ముక్కను అన్ని వరసల్లోనూ ఒకే పక్కన పెట్టుకుంటూ పోతే నిలువు జాయింట్లు ఒకదానిపై ఒకటి వచ్చేస్తాయి. రేపు పగులు వచ్చేది అక్కడే.

అదే కిటికీని 33 మి.మీ., అంటే అంగుళం పైచిలుకు, పక్కకు జరిపితే గోడ 490 మి.మీ. అవుతుంది. సరిగ్గా రెండున్నర ఇటుకలు. సగం ముక్కలు కొట్టడం తేలిక, ఒక ఇటుకకు రెండు వస్తాయి. కిటికీ అంగుళం జరిగిందని ఇంట్లో ఎవరికీ తెలియను కూడా తెలియదు. పొడవాటి గోడల్లో ఈ బాధ అంతగా ఉండదు, తేడాను మేస్త్రీ జాయింట్లలో సర్దేస్తాడు. తలుపులు, కిటికీల మధ్య మిగిలే చిన్న గోడల్లోనే సర్దడానికి చోటుండదు.

ఇది ముందే కనిపించాలంటే ఇంజనీర్లు వాడే ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్‌లోని 'డ్రా' సరిపోతుంది. ఏ3 కాగితాన్ని అడ్డంగా పెట్టుకుని పదో వంతు కొలతలో గీస్తే పది అడుగుల గోడ పట్టేస్తుంది. ముందు ఒక దీర్ఘచతురస్రం గీసి, ఎఫ్4 నొక్కి వెడల్పు 19, ఎత్తు 9 మి.మీ. అని ఇవ్వాలి. అదే ఇటుక. తర్వాత షిఫ్ట్‌తో ఎఫ్3 నొక్కితే డూప్లికేట్ పెట్టె తెరుచుకుంటుంది. అందులో కాపీలు 14, ఎక్స్ దూరం 20 మి.మీ., వై దూరం సున్నా అంటే 15 ఇటుకల వరస క్షణంలో తయారు. రెండో వరసను సగం ఇటుక, అంటే 10 మి.మీ. పక్కకు జరిపి, రెండు చివర్లా సర్దుకోవాలి. రెండు వరసల్నీ గ్రూపు చేసి మళ్లీ కాపీలు తీస్తే గోడ నిలబడుతుంది. దాని మీద తలుపు, కిటికీ పెట్టెలు పెట్టి అటూ ఇటూ జరిపి చూసుకోవడమే.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన లెక్క ఒకటుంది. రెండు ఖాళీల మధ్య గోడ పొడవు 100 గుణిజాల కంటే 10 మి.మీ. తక్కువ ఉండాలి: 390, 490, 590. ఖాళీ వెడల్పు 10 ఎక్కువ ఉండాలి: 910, 1210. ఒక జాయింట్ అక్కడ తగ్గి, ఇక్కడ కలుస్తుంది. చాలామంది పొరబడేది దీని దగ్గరే.

నాలుగంగుళాల గోడకు ఈ బొమ్మ చాలు. తొమ్మిదంగుళాల గోడ అయితే ఎదురు బొమ్మతో పాటు పై నుంచి చూసినట్టు రెండు వరసలు విడిగా గీయాలి. ఇంగ్లిష్ బాండ్‌లో మూల ఇటుక పక్కన పొడవునా సగానికి కోసిన క్వీన్ క్లోజర్ వస్తుంది. అది పెట్టకపోతే జాయింట్లు ఎలా కలిసిపోతాయో తెర మీదే తెలిసిపోతుంది.

ఇటుకల లెక్క కూడా బొమ్మలోనే దొరుకుతుంది. మూడు మీటర్ల పొడవు, 2.8 మీటర్ల ఎత్తు ఉన్న నాలుగంగుళాల గోడలో 28 వరసలు, వరసకు 15 చొప్పున 420 ఇటుకలు. ఘనపు మీటరుకు 500 అనే మామూలు లెక్కతో చూసినా అంతే వస్తుంది. అయితే ఆ లెక్క ముక్కలెన్నో చెప్పదు, బొమ్మ చెబుతుంది.

హైదరాబాద్ సైటుల్లో ఇంటివాళ్లు ఉర్దూ, మేస్త్రీ తెలుగు, కూలీలు హిందీ మాట్లాడటం మామూలే. ప్రింటు తీసి గోడకు అంటించిన బొమ్మకు తర్జుమా అవసరం లేదు. మేస్త్రీ దాన్ని చూసి "ఇక్కడ లింటెల్ దించాలి కదా" అంటే వినాలి. అతనికి తెలిసింది కంప్యూటర్‌కు తెలియదు.

అన్నిటికంటే ముందు చేయాల్సిన పని మాత్రం కంప్యూటర్ దగ్గర లేదు. మన బట్టీల ఇటుక అన్నిచోట్లా ఒకే సైజులో ఉండదు. లోడు దిగాక 20 ఇటుకల్ని పొడవునా వరసగా ఆనించి టేపు పెట్టి, వచ్చిన కొలతను 20తో భాగించాలి. మాడ్యులర్ ఇటుకలైతే ఆ వరస 3,720 నుంచి 3,880 మి.మీ. మధ్య ఉండాలని ప్రమాణం చెబుతుంది. వచ్చిన సగటునే బొమ్మలో వాడాలి. మధ్యలో ఇంకో బట్టీ నుంచి లోడు వస్తే మళ్లీ కొలిచి, కట్టాల్సిన వరసల్ని మళ్లీ గీసుకోవాలి. దానికి పట్టేది పావుగంట.